పావు చుట్టు

అబద్ధమని కూడా అనలేం, ఎందుకంటే ఆ మాట అన్నప్పుడు తను నవ్వుతున్నాడు, బావ కూడా నవ్వాడు. బావా బావమరుదులు రోజుకి పది అనుకుంటారు, సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. అలాంటిది ఈ ఒక్కటి ఎందుకు మిగిలిపోయిందో. పోనీ తన దగ్గరే మిగిలిందా అంటే, కాదు. బావ ఒంట్లోకి దిగింది. మాట ఒంట్లోకి దిగుతుందని ఎవరైనా చెబితే ఇన్నాళ్లూ నవ్వేవాడు.

మెకానిక్ తన షెడ్డులో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా చెక్క దిమ్మె మీద బావ తెచ్చే మూడు చక్రాల బండి ఉంది. ముందొకటి, వెనక రెండు, మూడు టైర్లూ గుమ్మడికాయల్లా ఉబ్బి ఉంటాయి. తారురోడ్డు కోసం చేసిన బండి కాదది. రాళ్లలో, ఇసుకలో, వాన కోసేసిన దారుల్లో ఎక్కి దిగడానికి. నీళ్ల ఆఫీసు వాళ్లది. గుట్ట మీద ట్యాంకు దాకా వేరే ఏ బండీ పోదు. రోజూ రెండుసార్లు ఈ బండి మీద పైకి వెళ్లి, వాల్వులు తిప్పి, నీటి మట్టం రాసుకుని దిగి రావడం బావ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, ట్యాంకాయన అంటారు.

పొద్దున్నే బండి ఇక్కడ వదిలేసి వెళుతూ బావ చెప్పాడు: "మూడున్నరకి వస్తాను. నాలుగింటికి ఆఫీసులో అప్పజెప్పాలి. కొత్తవాడు రేపట్నించి ఎక్కుతాడట. బాగా చూసిపెట్టవోయ్, మనం ఇచ్చిన బండి మాట పడకూడదు."

మనం, అన్నాడు. ఆ 'మనం' దగ్గరే పొద్దుటి నుంచీ ఆగిపోయి ఉన్నాడు మెకానిక్.

రెండు నెలల కిందట మొదలైంది. ఈ బండికి యాక్సిలరేటర్ అంటే కుడిచేతి పిడి పక్కన ఉండే చిన్న మీట. బొటనవేలితో నొక్కితే ఇంజన్ అందుకుంటుంది, వేలు తీస్తే తగ్గాలి. బావ వచ్చి, "వేలు తీసినా ఉరుకుతోందోయ్, మేకపిల్లలాగా" అన్నాడు. చూస్తే కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి పోయే పొట్టి రబ్బరు గొట్టం, షెడ్డు భాషలో మెడ, వదులుగా ఉంది. మెడని పట్టి ఉంచేవి రెండు బోల్టులు. వాటిలో ఒకటి కదులుతోంది. ఆ సందులోంచి బయటి గాలి దూరుతుంది, దూరితే ఇంజన్‌కి వేలితో పని లేదు, దానంతట అది పరిగెడుతుంది. ఇందులో వింతేం లేదు, ఏ మెకానిక్‌నడిగినా చెబుతాడు. బిగించాడు. బిగించి, స్పానర్ గుడ్డతో తుడుచుకుంటూ, "ఇంజన్ వదిలేసింది బావా, నీ బొటనవేలే వదల్లేదు. ఇంట్లో అక్క చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎలా?" అన్నాడు.

బావ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మెకానిక్‌కి ఇప్పటికీ వినిపిస్తుంది. అందుకే అబద్ధం కాదంటున్నాడు.

కాని తనని తాను నిలదీసుకునే మనిషి కూడా ఎక్కడో ఒకచోట మెత్తగా తప్పుకుంటాడు. మెకానిక్ పొద్దుటి నుంచీ ఈ మొదటి మాటనే తిప్పి తిప్పి చూస్తున్నాడు, రెండోదాని జోలికి పోవడం లేదు. రెండో మాట మూడు వారాల తర్వాత వచ్చింది. బండి మళ్లీ ఉరికింది. బావ బండి తెచ్చి, ఈసారి నవ్వకుండా, "మళ్లీ నా వేలేనంటావా?" అని అడిగాడు. అప్పటికి మెకానిక్ బోల్టు బయటికి తీసి ఉన్నాడు. బోల్టు చుట్టూ వెండి తీగలా అల్యూమినియం తరుగు చుట్టుకుని ఉంది. ఇంజన్ తల అల్యూమినియంది. అందులో బోల్టు పట్టుకునే మరలు మొత్తం కోసుకుపోయాయి. అలా కోసుకుపోవాలంటే ఎవరో అవసరానికి మించి బిగించాలి. ఆ బండి మీద పన్నెండేళ్లుగా వేరే చెయ్యి పడలేదు.

బోల్టుని గుప్పిట్లో మూసి, "వయసు బావా. మరి అందరికీ వచ్చేదేగా" అన్నాడు.

అప్పుడు నవ్వలేదు తను.

*

వాళ్ల మేస్త్రి, అంటే అతనికి పని నేర్పినాయన, కొలతల స్పానర్లు నమ్మేవాడు కాదు. "చెయ్యి చాలంటుంది. చాలన్నాక పావు చుట్టు. అక్కడ ఆగావా, పనివాడివి. ఇంకో పావు వేశావా, పశువువి" అనేవాడు. మేస్త్రి పోయాక ఆ మాట ఇతనికే పేరైపోయింది. పక్క వీధుల వాళ్లు కూడా "పావుచుట్టు దగ్గర చేయించాను" అంటారు. అతను బిగించిన బోల్టు ఊడదు, విప్పాలంటే విరగదు. మనిషికి ఇంతకంటే ఏం పేరు కావాలి? ఆస్తి లేదు, పెళ్లి కుదరలేదు, షెడ్డు వెనక ఒక గది, ఒక మంచం. పేరొక్కటుంది.

నిరుడు చలికాలంలో కుడిచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కినట్టయింది. చలికనుకున్నాడు. తర్వాత ఉంగరం వేలు, మధ్య వేలు. చలి పోయింది, తిమ్మిరి పోలేదు, ఇంకా చెప్పాలంటే తిమ్మిరి కూడా పోయి ఏమీ లేకుండా మిగిలింది. ఒకసారి వేడి సైలెన్సర్ మీద చెయ్యి ఆనించి ఎవరితోనో మాట్లాడుతుంటే ఏదో మాడిన వాసన వచ్చింది. ఏ వైరైనా కాలుతోందా అని బండంతా వెతికాడు. తన వేలని తెలిశాక మొదట కలిగింది భయం కాదు, సిగ్గు. ఎవరైనా చూశారా అని వీధిలోకి తొంగి చూశాడు.

అప్పటి నుంచీ కళ్లతో పనిచేయడం నేర్చుకున్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి నట్టు తీసేవాడు, ఇప్పుడు డబ్బా రేకు మీద బోర్లించి, చూసి ఏరుతున్నాడు. చొక్కా గుండీలు అద్దం ముందు నిలబడి పెట్టుకుంటున్నాడు. అన్నిటికీ కళ్లు సరిపోయాయి, ఒక్కదానికి తప్ప. బోల్టు ఎంత బిగిసిందో కంటికి కనపడదు. చెయ్యి చాలనాలి. చెయ్యి చాలనడం మానేసింది. చాలు అన్న మాట ఎప్పటికీ రాకపోతే పావు చుట్టు ఎక్కణ్నించి వేయాలి? వదులైపోతుందేమోనన్న భయంతో ఇంకొంచెం, ఇంకొంచెం తిప్పాడు. పేరు పోతుందన్న భయమే మరల్ని కోసింది.

ఆ రోజు మరలు పోయిన రంధ్రంలో టేపు చుట్టిన బోల్టు పెట్టి, చుట్టూ గట్టిపడే బంక నింపాడు. మూడు నాలుగు వారాలు ఆగుతుంది, ఇంజన్ వేడికి మళ్లీ వదులవుతుంది. తెలుసు. ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాడు. ఆ 'ఏదో ఒకటి' చేసేలోపు, పోయిన వారం, గుట్ట దిగే మలుపులో బావ వేలు తీశాడు, బండి ఆగలేదు. కాలవ గట్టుకి గుద్దుకుంది. మోకాలు చీరుకుపోయింది, అంతే, దేవుడి దయ. బావ ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చి, కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుని, "గోరుచుట్టు మీద రోకటిపోటోయ్. వేలూ పోయింది, మోకాలూ పోయింది" అన్నాడు. తేలు కుట్టిన దొంగలాగా మెకానిక్ తల వంచుకుని మళ్లీ బంక నింపాడు.

*

పన్నెండున్నరకి అక్క క్యారియర్ పట్టుకుని వచ్చింది. వారానికి మూడు రోజులు ఆమె వంటే అతనికి భోజనం. వచ్చీ రాగానే పాత టైరు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏంట్రా, ఇంకా ఏమీ విప్పలేదు? పొద్దుటి నుంచీ దానికి దిష్టి తీస్తున్నావా?"

"విప్పుతాను. తొందరేముంది."

"మీ బావకుంది తొందర. ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు, ఎక్కడ మనసు మారుతుందోనని. ఇవాళ బండితో పాటు అదీ ఇచ్చేస్తారట."

"ఏం రాశాడు?"

"గుట్ట పని చేతకావడం లేదు, కింద కౌంటర్లో ఏదైనా ఇప్పించండని. ఆఫీసాయన సరేనన్నాడట. రశీదుల మీద ముద్రలు కొట్టే పనుందట." ఆమె నవ్వబోయి మానేసింది. "ఒరేయ్, ఆ మనిషి ఫ్యాన్ కింద పది నిమిషాలు కూర్చుంటే నిద్రపోతారు. గుట్ట ఎక్కకపోతే ఆయనకి అన్నం కూడా అరగదు."

మెకానిక్ బండి వైపే చూస్తున్నాడు.

"పొద్దున్నే ఏం చేస్తున్నారో తెలుసా?" అంది అక్క. "సీసా మూత ఒకటి బల్ల మీద పెట్టుకుని, బొటనవేలితో నొక్కడం, వదలడం. నొక్కడం, వదలడం. నన్ను పిలిచి, 'వెంటనే వదులుతున్నానా, ఆలస్యమవుతోందా, నిజం చెప్పు' అంటారు. వెంటనే వదులుతున్నారు కదండీ అంటే నమ్మరు. నువ్వు మొహమాటానికి చెబుతున్నావు, మీ తమ్ముడికి మొహమాటం లేదు, వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు అంటారు."

గుక్క నీళ్లు తాగబోయిన అతనికి పొలమారింది. అక్క లేచి వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

"ఎవరో తలుచుకుంటున్నారు" అంది. తర్వాత అతని చొక్కా చూసి, "ఎన్నేళ్లొచ్చినా గుండీలు వంకరేనా? ఇటు తిరుగు" అని, పైనుంచి ఒక్కొక్కటీ విప్పి సరిగ్గా పెట్టింది. ఆమె వేళ్లు ఎంత చకచకా కదులుతున్నాయో అతను కిందికి చూస్తూ ఉండిపోయాడు. ఆ వేళ్లు చూడకుండానే గుండీని పట్టుకుంటున్నాయి, కాజాని వెతుక్కుంటున్నాయి. తనకి ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదాన్ని ఇంకొకరి చేతిలో చూడడం అదే మొదటిసారి. ఈర్ష్యలాంటిది కలిగింది, అక్క మీద, గుండీల విషయంలో. ఎంత హీనంగా ఉంటుంది మనసు, అనుకున్నాడు.

అన్నం తిన్నాక బండి ముందు కూర్చుని బోల్టు మీద చెయ్యి వేశాడు. స్పానర్ అవసరం లేకపోయింది. బంక ఎండి పెచ్చులూడింది. వేళ్లతో తిప్పితేనే వచ్చేసింది. ఇదే బోల్టుతో కొత్తవాడు రేపు గుట్ట దిగేవాడు. ఎవరో ఏమిటో తెలియని మనిషి. అతనికీ ఒక అక్క ఉండి ఉంటుంది.

కనీసం బండి బాగుచేయాలి. ఆ నిర్ణయం సులువుగానే వచ్చింది, వచ్చాక గుండె కొంచెం తేలికపడింది కూడా. పక్క వీధిలో మరలు చెక్కే లేతు షాపాయన్ని పిలిస్తే, ఇంజన్ దించకుండానే రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మరల కోసం స్టీలు తీగ చుట్ట ఒకటి లోపల కూర్చోబెడతాడు. అది అసలు దానికంటే గట్టిది. రెండు నెలల కిందటే పిలవాల్సింది. పిలిస్తే ఆయన అడుగుతాడు, ఎవరు పాడుచేశారని.

వచ్చాడు, అదే అడిగాడు.

"ఏ ఏనుగు బిగించింది మేస్త్రీ దీన్ని?" లేతాయన రంధ్రంలోకి టార్చి కొట్టి చూసి ఈల వేశాడు. "మర అనేదే మిగల్లేదు. పైగా బంకొకటి. వాడెవడో గానీ వాణ్ని కొట్టాలి."

"బయటెక్కడో చేయించుకొచ్చారు" అన్నాడు మెకానిక్.

"బయటా?" అంది అక్క టైరు మీంచి. "మీ బావ నీ దగ్గరికి తప్ప…"

ఆగిపోయింది. తమ్ముడి మొహం చూసింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డ మొహం గుర్తుకొచ్చిందో ఏమో, క్యారియర్ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటికే అవి సర్ది ఉన్నాయి.

ముప్పావుగంటలో పని అయిపోయింది. లేతాయన కొత్త బోల్టు చేత్తో పెట్టి, పక్కకి జరిగి, స్పానర్ అందించాడు. "కానివ్వు మేస్త్రీ, పావు చుట్టు నీదే."

"నువ్వే బిగించు. నడుం పట్టేసింది."

"నువ్వుండగా నేనా? గుళ్లో దేవుణ్ని పెట్టుకుని గడపకి మొక్కినట్టు." అని వెక్కిరించి, తనే వంగి బిగించాడు. రెండు వేళ్లతో స్పానర్ని పట్టుకుని, మెల్లిగా తిప్పి, ఒకచోట ఆగి, కొంచెం ముందుకి వేసి వదిలేశాడు. ఆ ఆగడాన్ని మెకానిక్ కళ్లప్పగించి చూశాడు. ఎక్కడ ఆగాలో ఆయనకి చెప్పింది ఎవరు? ఏమీ ఆలోచించలేదు. నోట్లో ఈల కూడా ఆగలేదు.

లేతాయన వెళ్లాక అక్క, "నడుం ఎప్పుడు పట్టేసింది?" అని మాత్రం అడిగింది. అతను బండి స్టార్ట్ చేసి మీట నొక్కాడు, వదిలాడు. ఇంజన్ వెంటనే తగ్గి, దాని చోట అది గుటగుటలాడుతూ కూర్చుంది. ఇంక బండిలో ఏ తప్పూ లేదు. బావ ఎక్కుతాడు, మీట వదులుతాడు, బండి ఆగుతుంది, తన వేలు మంచిదేనని తెలుసుకుంటాడు. ఉత్తరం చింపేస్తాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. అలా జరగడానికి అవకాశం ఉందని, నిజంగా ఉందని, మూడున్నర దాకా నమ్మాడు.

*

బావ కుంటుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో కవరు మూల తెల్లగా కనిపిస్తోంది.

"ఏవోయ్, పెళ్లికూతుర్ని తయారుచేశావా?"

"ఎక్కి చూడు బావా. మెడ దగ్గర చిన్న పనుంటే చేయించాను. ఒకసారి వేలు వదిలి చూడు."

బావ గాయపడని కాలు మీద బరువు వేసి ఎక్కాడు. మీట నొక్కాడు. వదిలాడు. ఇంజన్ తగ్గింది. మళ్లీ నొక్కాడు, ఈసారి గట్టిగా, షెడ్డు రేకులు అదిరేలా. వదిలాడు. తగ్గింది. అక్క లేచి నిలబడింది.

బావ నిదానంగా నవ్వాడు.

"ఇవాళ వేలు బానే ఉంది" అన్నాడు. "ఒక్కోరోజు ఇలా బానే ఉంటుంది. మా నాన్నకి చెవులు ఇలాగే పోయాయి. ఒకరోజు అన్నీ వినపడేవి, బాగైపోయిందని అందరం సంబరపడేవాళ్లం. మర్నాడు పిలిస్తే పలికేవాడు కాదు." ఇంజన్ ఆపేశాడు. "ఇలాంటి రోజునే దిగిపోవాలి. పరువుగా ఉంటుంది."

"వేలు కాదు బావా, బండే. మరలు పోయాయి, గాలి లాగేది. ఇదుగో, చూడు, పాత బోల్టు." పరుగులాంటి నడకతో వెళ్లి బల్ల మీంచి తెచ్చి బావ అరచేతిలో పెట్టాడు. తరుగు ఇంకా దానికి అంటుకునే ఉంది.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటి, జుట్టులాగా?"

"ఇంజన్ మరలు. కోసుకుపోయి దీనికి చుట్టుకున్నాయి. అందుకే వేలు తీసినా ఉరికింది. మొదట్నించీ అదే."

"మొదట్నించీనా?"

"మొదట్నించీ."

బావ చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం వస్తుందని మెకానిక్ ఎదురుచూశాడు. కోపం వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. కోపం రాలేదు. ప్రేమ వచ్చింది, అదే భరించలేకపోయాడు.

"మీ అక్క చెప్పిందా, ఇలా చెప్పమని?"

"నేనేం చెప్పలేదండీ" అంది అక్క.

"చెప్పకపోయినా వాడే కనిపెట్టాడు, నేను బాధపడుతున్నానని. మంచివాడివోయ్. కాని ఆడలేక మద్దెల ఓడనడం నా వల్ల కాదు. నడపలేక బండినంటానా?" బావ బోల్టుని సీటు మీద పెట్టాడు. "మూడుసార్లు తెచ్చాను దీన్ని. మూడుసార్లూ ఇక్కడే, నా కళ్లెదురుగా, నువ్వే బిగించావు. పావుచుట్టు బిగించిన బోల్టు ఊడిందంటే ఎవడైనా నమ్ముతాడా? నేను నమ్ముతానా? నా వేలి మీద నమ్మకం లేదుగాని నీ చేతి మీద ఉంది నాకు."

అని, అదేదో పెద్ద హాస్యమైనట్టు అక్క వైపు తిరిగి కన్ను కొట్టి, "రావే, ఎక్కు. ఆఖరి సవారీ. గుట్ట మీదికి కాదులే, ఆఫీసు దాకా" అన్నాడు.

అక్క కదలలేదు. ఆమె తమ్ముడి వైపు చూస్తోంది.

మెకానిక్‌కి లోపల ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టుంది. ఒకడు అంటున్నాడు, చెప్పావుగా, బోల్టు చూపించావుగా, నమ్మకపోతే నువ్వేం చేస్తావు, ఇక్కడితో నీ బాధ్యత తీరింది. చాలా సబబుగా మాట్లాడుతున్నాడు వాడు, ఎప్పుడూ సబబుగానే మాట్లాడతాడు, బంక నింపిన రోజు కూడా వాడే మాట్లాడాడు. రెండోవాడు వాదించడం లేదు. వాడికి కనిపిస్తున్నదల్లా ఒకటే, కౌంటర్లో ఫ్యాన్ కింద కూర్చుని బావ ముద్ర కొట్టడం, కొట్టిన ప్రతిసారీ బొటనవేలు వెంటనే లేస్తోందా లేదా అని చూసుకోవడం. బతికినన్నాళ్లూ అలా చూసుకుంటాడు. బండి బాగయింది, మనిషి పాడయ్యాడు. మనిషిని బాగుచేసే సామాను షెడ్డులో ఎక్కడా లేదు, ఒక్కచోట తప్ప. అది బయటపెడితే రేపట్నించి ఈ షెడ్డు తలుపు తెరిచేది ఎవరి కోసం? ఈ చేతుల్లో బండి పెట్టేది ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు. దొరికేదాకా ఆగితే బావ వెళ్లిపోతాడు.

బావ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"ఆపు బావా" అన్నాడు మెకానిక్.

వినపడలేదు. అతను చెయ్యి చాచి ఇంజన్ తాళం తిప్పేశాడు. వీధిలో ఎవరో రేకు డబ్బా దొర్లిస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏంటోయ్?"

"ఏనుగుని నేనే" అన్నాడు. లేతాయన మాట బావకి తెలియదని అప్పుడు గుర్తొచ్చి, మళ్లీ మొదలుపెట్టాడు. "బోల్టు నేనే పాడుచేశాను. ఎంత బిగుస్తోందో నాకు తెలియడం లేదు బావా. ఏడాదైంది."

"ఏం తెలియడం లేదు?"

నోటితో చెబితే సరిపోదని అతనికి అర్థమైంది. ఇంతకుముందు నోటితోనే కదా చెప్పింది. కుడిచెయ్యి గుడ్డకి తుడుచుకున్నాడు. సీటు మీద, పాత బోల్టు పక్కన, అరచెయ్యి పైకి తిప్పి పెట్టాడు. నల్లటి గీతలతో, సైలెన్సర్ కాల్చిన మచ్చతో, ఆ చెయ్యి ఇంకెవరిదో అక్కడ మర్చిపోయినట్టుంది.

"ఏదో ఒక వేలు ముట్టుకో. ఏ వేలో నేను చెప్పలేను. చూడు" అని కళ్లు మూసుకున్నాడు.